నగర్‌నార్ దారిలో గాలి లెక్క

విజయనగరం నుంచి సాలూరు ఘాటు ఎక్కి, కొరాపుట్, జయపురం, బొర్రిగుమ్మ, కోట్‌పాడ్‌ల మీదుగా సాగే దారి ఒడిశా ఎల్ల దాటి బస్తరులో ప్రవేశించిన కొద్దిసేపటికే నగర్‌నార్ వస్తుంది. గోండీ భాషలో ‘నార్’ అంటే ఊరు. ఇక్కడికి జగదల్‌పూర్ 16 కిలోమీటర్లు. కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు బస్తరులో రాజ్యం స్థాపించాడన్న ఐతిహ్యం వల్ల తెలుగువారికి ఈ సీమ పరాయిది కాదు. 2023 అక్టోబరు 3న జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం ఈ ఊరి పేరును దేశమంతటా వినిపించింది. దాని సామర్థ్యం ఏటా 30 లక్షల టన్నులు.

వరిచేలు, సాలవృక్షాలు, ఎర్రమట్టి చూస్తూ ఈ దారిలో పందెపు సైకిలు తొక్కదలచినవారు బయలుదేరే ముందే ఒక సంగతి తేల్చుకోవాలి. టైర్లలో గాలి ఎంత ఉండాలి? ఒకే ఉదయం నున్నని తారు, అతుకులు వేసిన తారు, లారీ చక్రాలు రోడ్డుపైకి ఈడ్చిన కంకర మూడూ ఎదురుకావచ్చు. పొరపాటుకు మూల్యం పంక్చరు మాత్రమే కాదు. బరువు లారీ పక్కన పట్టుతప్పడం కూడా కావచ్చు.

గట్టిదనమే వేగమా?

టైరు ఎంత రాయిలా ఉంటే అంత వేగమని చాలాకాలం నమ్మారు. గాలి టైరు పుట్టుక మాత్రం వేరే మాట చెబుతుంది. బెల్‌ఫాస్ట్ నగరంలో పశువైద్యుడు డన్‌లప్ తన కుమారుని మూడుచక్రాల బండి కుదుపులు తగ్గించడానికి దానిని రూపొందించి, 1888లో పేటెంటు పొందాడు. మరుసటి ఏడే ఆ టైర్లతో విల్లీ హ్యూమ్ పందాలు గెలిచాడు. సుఖం కోసం పుట్టినది వేగాన్ని కూడా తెచ్చింది.

కారణం సులభమే. మెత్తని టైరు చిన్న రాతిని తనలో ఇముడ్చుకొని ముందుకు సాగుతుంది. మరీ గట్టి టైరు సైకిలును, మనిషిని కలిపి పైకి ఎగరవేస్తుంది. కాళ్ల శక్తి ఆ కుదుపులో వృథా అవుతుంది. అద్దంలాంటి బాటపై ఎక్కువ గాలి మేలే. గరుకు బాటపై ఒక హద్దు దాటితే అదే వేగానికి అడ్డు. అలాగని మరీ తగ్గిస్తే గుంత అంచుకూ రిమ్ముకూ నడుమ ట్యూబు నలిగి, పాముకాటులా రెండు రంధ్రాలు పడతాయి.

సుమారు 70 కిలోల మనిషికి 25 మిల్లీమీటర్ల టైరులో చదరపు అంగుళానికి 80 నుంచి 85 పౌండ్లు, 28 మిల్లీమీటర్ల టైరులో 65 నుంచి 70 పౌండ్లు మొదటి లెక్కగా తీసుకోవచ్చు. బరువు వెనుక చక్రంపై ఎక్కువగా పడుతుంది కనుక ముందు టైరుకు మూడు నాలుగు పౌండ్లు తగ్గించాలి. టైరుపై, రిమ్ముపై ముద్రించిన గరిష్ఠ పరిమితిని మాత్రం ఎన్నడూ దాటరాదు. అంచులో కొక్కెం లేని కొత్తరకం రిమ్ములకు ఆ పరిమితి సుమారు 72 పౌండ్లే.

ఎండా, వానా

చలికాలపు తెల్లవారుజామున 15 డిగ్రీల చలిలో 80 పౌండ్లు నింపిన టైరు మధ్యాహ్నపు ఎండలో 45 డిగ్రీలకు వేడెక్కితే, దానిలోని ఒత్తిడి దాదాపు 90 పౌండ్లకు చేరుతుంది. విశ్రాంతి వేళ సైకిలును నీడన నిలపమనడం అందుకే. వర్షాకాలంలో తడిసిన తారుపై పట్టు కోసం నాలుగైదు పౌండ్లు తగ్గించడం మంచిది.

బొటనవేలితో నొక్కి చూడడం నమ్మదగిన కొలత కాదు. మీటరు ఉన్న పంపు కావాలి. దారి పక్క దుకాణాల పంపులు వాల్‌ట్యూబు ఉన్న మామూలు సైకిళ్లకు సరిపోతాయి. పందెపు సైకిలు సన్నని వాల్వుకు చిన్న ఇత్తడి అడాప్టరు వెంట ఉంచుకోవాలి. లారీలకు గాలి కొట్టే కంప్రెసరు దగ్గర జాగ్రత్త అవసరం. సన్నని టైరు క్షణాల్లో నిండి హద్దు దాటుతుంది.

జగదల్‌పూర్ నుంచి వెళ్లే ఈ 16 కిలోమీటర్లు మంచి పరీక్ష. ఒక్కొక్క ప్రయాణానికి రెండు మూడు పౌండ్లు మార్చి అంకె రాసుకోవాలి. నగర్‌నార్ చేరేసరికి అరచేతులు తిమ్మిరెక్కక, ఒక్క గుంతలోనూ రిమ్ము నేలకు తగలకపోతే, ఆనాటి గాలి లెక్క సరిపోయినట్టే.