నాయకుడు కానన్న మనిషి పుట్టిన ఊరు

ప్రపంచానికే దారి చూపాలని ఒక పిల్లవాడికి ఇరవై ఏళ్లు తర్ఫీదు ఇచ్చారు. తీరా పీఠం సిద్ధమయ్యాక అతడు 'నాకొద్దు' అని లేచి వెళ్లిపోయాడు. ఆ పిల్లవాడి ఊరు మదనపల్లె. ఆ ఊరికి దగ్గర్లోనే ఒక లోయ, ఆ లోయలో ఒక బడి, దాని చుట్టుపక్కల పల్లెల్లో మరికొన్ని చిన్న బడులు... నాయకత్వం అనే మాటకు అర్థం వెతికేవాళ్లు ఒకసారి చూసి రావాల్సిన దారి ఇది.

తిరుపతిలో వేసవి సెలవులు దగ్గర పడ్డాయంటే గోడల మీద పోస్టర్ల వరస మొదలవుతుంది. ఈత, కరాటే, స్పోకెన్ ఇంగ్లిష్... వాటి పక్కనే 'వ్యక్తిత్వ వికాసం, నాయకత్వ లక్షణాలు'. పది రోజుల్లోనో పదిహేను రోజుల్లోనో మీవాడిని నలుగురిలో ముందు నిలబెడతామని హామీ. అమ్మానాన్నలు ఫీజు కట్టేస్తారు. తప్పేముంది? తన బిడ్డ నలుగురి ముందు ధైర్యంగా నోరు విప్పితే చూడాలని ఏ తల్లికి ఉండదు!

ఆ పోస్టర్లను దాటుకుంటూనే మదనపల్లె బస్సు బయల్దేరుతుంది. చంద్రగిరి కోటను పక్కన పెట్టి, భాకరాపేట ఘాటు మలుపులు ఎక్కి దిగి, పీలేరు, వాయల్పాడు మీదుగా 120 కిలోమీటర్లకు కాస్త అటూఇటూ ప్రయాణం. ఘాటు దాటాక గాలి మారుతుంది. తిరుపతి ఉక్కపోత అక్కడితో సరి. రెండువైపులా బండరాళ్లు పేర్చినట్టుండే గుట్టలు, వాటి నడుమ చింతచెట్లు, టమాటా తోటలు.

మదనపల్లె అంటే చాలామందికి టమాటాయే. సీజన్‌లో మార్కెట్ యార్డు ఎర్రగా మెరిసిపోతుంటుంది. 2022 దాకా ఈ ఊరు చిత్తూరు జిల్లాలోనే ఉండేది. ఇప్పుడు కాగితాల మీద జిల్లా మారినా, పాతవాళ్ల నోట 'మా చిత్తూరు జిల్లా' అనే మాట అంత తొందరగా పోదు.

గడియారం విప్పిన పిల్లవాడు

1895 మే నెలలో ఈ ఊళ్లో జిడ్డు నారాయణయ్య, సంజీవమ్మ దంపతులకు ఒక కొడుకు పుట్టాడు. ఎనిమిదో సంతానం. దేవకి ఎనిమిదో బిడ్డ పేరే పెట్టారు... కృష్ణమూర్తి. తండ్రి రెవెన్యూ శాఖలో ఉద్యోగి. బదిలీల మీద ఊళ్లు తిరిగే సంసారం. పిల్లవాడికి పదేళ్లప్పుడు తల్లి పోయింది.

చదువులో ఈ పిల్లవాడు అందరికన్నా వెనక. మలేరియాతో నెలల తరబడి బడి మానేసేవాడు. బడికి వెళ్లినా ధ్యాస పాఠం మీద ఉండేది కాదు. పరధ్యానం పిల్లవాడని పంతుళ్లు దెబ్బలు వేసేవారు. పలకా బలపం లేని పిల్లలు కనిపిస్తే తనవి ఇచ్చేసి వట్టి చేతులతో ఇంటికొచ్చేవాడు. ఒకసారి నాన్న లేనప్పుడు ఇంట్లో గడియారం మొత్తం విప్పేశాడు. తిరిగి బిగించి అది నడిచేదాకా బడికి వెళ్లనని, అన్నం తిననని కూర్చున్నాడు. ఇప్పటి రోజులైతే ఆ ఇంటివాళ్లు అతడిని ఏ శిబిరంలో చేర్పించాలా అని తలపట్టుకునేవారే!

నారాయణయ్య దివ్యజ్ఞాన సమాజ సభ్యుడు. రిటైరయ్యాక 1909లో పిల్లలతో మద్రాసు వెళ్లి, అడయారులోని సమాజ కార్యాలయంలో పనికి కుదిరారు. ఆ ఏడాదే అడయారు సముద్రం ఒడ్డున సమాజ పెద్దల్లో ఒకరైన లెడ్‌బీటర్ కంట్లో పడ్డాడు కృష్ణమూర్తి. అప్పట్లో ఆ సమాజంవాళ్లు ఒక జగద్గురువు రాక కోసం ఎదురు చూస్తున్నారు. ఆ గురువు ఈ బక్కపలచని పిల్లవాడి రూపంలోనే వస్తాడని లెడ్‌బీటర్ తేల్చేశారు. సమాజ అధ్యక్షురాలు అనిబిసెంట్ ఆమోదించారు.

అక్కడి నుంచి తర్ఫీదు మొదలైంది. ఇంగ్లిష్, ఈత, సైకిలు, టెన్నిస్, బట్టల తీరు, నడక, నలుగురిలో మాట... అన్నిటికీ మనుషులు. 1911లో ఆ బాలుడు అధిపతిగా 'ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్' అనే సంఘం వెలిసింది. అదే ఏడాది తమ్ముడు నిత్యానందతో పాటు ఇంగ్లండ్ ప్రయాణం. దేశదేశాల్లో సంఘానికి వేలమంది సభ్యులు చేరారు.

ఈ కథలో ఎవరికీ అంతగా గుర్తుండని మనిషి నారాయణయ్య. బిడ్డలను తనకు అప్పగించమని 1912లో అనిబిసెంట్ మీద దావా వేశారు. మద్రాసు హైకోర్టులో గెలిచారు. 1914లో లండన్ ప్రీవీ కౌన్సిల్‌లో ఓడిపోయారు. లోకానికి ఒక నాయకుడిని తయారుచేసే పనిలో ఒక తండ్రి తన పిల్లలకు దూరమయ్యాడు.

మరి తర్ఫీదు ఫలించిందా? లండన్ యూనివర్సిటీ మెట్రిక్యులేషన్ పరీక్ష కృష్ణమూర్తి ఎన్నిసార్లు రాసినా గట్టెక్కలేదు. తమ్ముడు మాత్రం చదువులో రాణించాడు. ఆ తమ్ముడే 1925లో కాలిఫోర్నియాలోని ఓహైలో క్షయతో కన్నుమూశాడు. అప్పటికి కృష్ణమూర్తి ఓడ మీద ఇండియాకు వస్తున్నారు. తమ్ముడికి ఏమీ కాదని పెద్దలు చెప్పిన మాట నమ్ముకునే బయల్దేరారాయన. ఆ నమ్మకం ఆ రోజుతో విరిగింది.

మూడు వేలమంది ముందు

1929 ఆగస్టు 3. హాలండ్‌లోని ఓమెన్. ఏటా జరిగే నక్షత్ర సంఘం శిబిరానికి మూడు వేలమందికి పైగా వచ్చారు. కన్నబిడ్డలా పెంచిన అనిబిసెంట్ కూడా సభలో ఉన్నారు. ఆమెను కృష్ణమూర్తి 'అమ్మా' అనే పిలిచేవారు. ముప్పై నాలుగేళ్ల అధిపతి లేచి తన సంఘాన్ని తానే రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు.

ఆయన చెప్పినదాని సారం ఇది... సత్యాన్ని సంఘం కట్టి పట్టుకోలేం. ఒకరి వెనక నడవడం మొదలుపెట్టగానే మనిషి సొంతంగా చూడడం మానేస్తాడు. నాకు అనుచరులు వద్దు. మీకు కావాలంటే ఇంకో సంఘం పెట్టుకోండి, ఇంకొకరి కోసం ఎదురుచూడండి. నాకు కావలసింది మనుషులు స్వేచ్ఛగా ఉండడం.

మాటతో ఆగలేదు. భక్తుడైన ఒక జమీందారు ఇచ్చిన కోట, దాని చుట్టూ ఉన్న వేల ఎకరాల్లో చాలాభాగం తిరిగి ఇచ్చేశారు. మరుసటి ఏడాది దివ్యజ్ఞాన సమాజం నుంచీ బయటికొచ్చేశారు.

ఇక్కడ చిత్తూరు జిల్లాకే చెందిన ఇంకొకాయన గుర్తుకొస్తారు. కట్టమంచి రామలింగారెడ్డి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్‌చాన్సలర్. జాతీయోద్యమం మీద బ్రిటిష్ ప్రభుత్వ దమనకాండకు నిరసనగా 1930లో ఆ కుర్చీ వదిలేశారు. ఆ తర్వాత అందులో కూర్చున్నది చిన్నప్పుడు తిరుపతి మిషన్ బడిలో చదువుకున్న సర్వేపల్లి రాధాకృష్ణన్. 1936లో రెడ్డిగారు మళ్లీ వచ్చారు, అది వేరే సంగతి. ఏడాది తేడాలో ఒకే జిల్లావాళ్లిద్దరు పదవులు వదులుకున్నారు. ఒకరిది నిరసన. రెండోవారిది అంతకన్నా విచిత్రం... ఎవరూ పొమ్మనలేదు, ఎవరితోనూ గొడవ లేదు. ఆ పదవే ఉండకూడదన్నారు.

అయితే ఒక మెలిక ఉంది. అనుచరులు వద్దన్న మనిషి చుట్టూ జనం తగ్గలేదు. 1986 ఫిబ్రవరిలో కన్నుమూసేదాకా ఆయన దేశాలు తిరుగుతూ మాట్లాడుతూనే ఉన్నారు. వినేవాళ్లు వస్తూనే ఉన్నారు. వాళ్లలో కొందరు ఆయన వద్దన్నదే చేశారు, ఆయన్నే గురువును చేసుకున్నారు. అందుకు తప్పు పట్టాల్సింది ఆయన్నా, వాళ్లనా? మదనపల్లెలో టీ తాగుతూ వాదించుకోవడానికి మంచి ప్రశ్నే.

మదనపల్లెలో ఇంకో మజిలీ కూడా ఉంది. అనిబిసెంట్ 1915లో పెట్టిన కాలేజీ. 1919 ఫిబ్రవరి నెలాఖరులో రవీంద్రనాథ్ ఠాగూర్ ఇక్కడ బస చేసి, తాను 1911లో బెంగాలీలో రాసిన 'జనగణమన'ను ఇంగ్లిష్‌లోకి మార్చారు. అప్పటి ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ సంగీతం తెలిసిన మనిషి. ఆ పాట బాణీని స్వరాల్లో రాసి పెట్టింది ఆమే. ఐర్లండ్‌లో ఆడవాళ్ల ఓటుహక్కు కోసం జైలుకెళ్లి వచ్చిన ఆమె, 1927లో అఖిల భారత మహిళా సభ ఏర్పాటులో ముందు నిలిచారు. కృష్ణమూర్తి కథ ముందు ఈ కాలేజీ కథ చిన్నబోతుంది గానీ, దానికదే ఒక ఆదివారం వ్యాసానికి సరిపడా సరుకు.

మర్రిచెట్టు ఉన్న లోయ

మదనపల్లె నుంచి కురబలకోట వైపు పదిహేను కిలోమీటర్లు దాటితే దారి లోయలోకి దిగుతుంది. పైన రిషికొండ. ఒకప్పుడు ఇక్కడ రుషులు తపస్సు చేశారని స్థానికుల నమ్మకం. బడి పెట్టడానికి స్థలం వెతుకుతూ కృష్ణమూర్తి 1920ల మధ్యలో ఇక్కడికి వచ్చినప్పుడు వందల ఏళ్లనాటి పెద్ద మర్రిచెట్టు ఒకటి కనిపించింది. చుట్టూ కరవు నేల. అక్కడే రిషివ్యాలీ బడి వెలిసింది. మొదటి దశాబ్దాల్లో దాన్ని నిలబెట్టిన భారం జి.వి.సుబ్బారావు గారిది. పేరు మాత్రం కృష్ణమూర్తికే వచ్చింది. నాయకత్వం గురించి మాట్లాడేటప్పుడు ఇలాంటి సుబ్బారావుల్ని మరిచిపోతుంటాం.

నాటిన చెట్లతో లోయ పచ్చబడింది. పక్షులకు రక్షిత ప్రాంతమైంది. దక్షిణాది రాతిగుట్టల్లో తప్ప కనిపించని పసుపు గొంతు పికిలిపిట్ట కోసం పక్షి ప్రేమికులు వెతుక్కుంటూ వస్తారు.

నాలుగో తరగతి నుంచి పన్నెండు దాకా ఉండే ఈ హాస్టల్ బడిలో నాయకత్వం అనే పాఠం లేదు. చిన్న తరగతుల్లో పరీక్షలుండవు. ర్యాంకులు అసలే లేవు. ఒక పిల్లవాడిని ఇంకో పిల్లవాడితో పోలిస్తే పోలిక మొదలైన చోటే భయం మొదలవుతుందన్నది కృష్ణమూర్తి మాట. చలికాలంలో వచ్చినప్పుడల్లా ఆయన పిల్లలతో కూర్చునేవారు. భయం గురించి, పెద్దల మాట గుడ్డిగా వినడం గురించి ప్రశ్నలు వేసేవారు. జవాబు చెప్పకుండా మళ్లీ ప్రశ్నే! చివరిసారి వచ్చింది 1985 చలికాలంలో.

సాయంత్రం ఇక్కడ 'అస్తాచల్' అని ఒక అలవాటు. పొద్దు గుంకేవేళ పిల్లలంతా ఒక మిట్ట మీద మాటా పలుకూ లేకుండా కూర్చుని పడమటి కొండ వెనక్కి దిగే సూర్యుణ్ని చూస్తారు. నలుగురి ముందు మాట్లాడడం నేర్పే శిబిరాలు ఊరికి పది ఉన్నాయి. నలుగురితో కలిసి మౌనంగా కూర్చోవడం నేర్పేచోట్లు తక్కువ.

ఇది పర్యాటక స్థలం కాదు, బడి. ముందుగా అనుమతి తీసుకునే వెళ్లాలి. కృష్ణమూర్తి పుస్తకాలు చదువుకోవాలనుకునే పెద్దలకు స్టడీ సెంటర్ ఉంది. కుటుంబంతో వెళ్లేవాళ్లకు దగ్గర్లోనే 1265 మీటర్ల ఎత్తున హార్స్‌లీ హిల్స్ ఎటూ ఉంది. ఆ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. కడప కలెక్టరు హార్స్‌లీ దొర వచ్చి ఇల్లు కట్టాక పేరు మారింది.

ఒక మాట దాచకూడదు. రిషివ్యాలీ ఫీజు లోయ చుట్టుపక్కల రైతు కట్టగలిగింది కాదు. పోలిక వద్దన్న బడికి, పక్కనే ఉన్న పల్లెకు మధ్య పోలిక మాత్రం తప్పదు. ఆ లోటు బడివాళ్లకూ తెలుసు. అందుకే అసలు చూడాల్సింది లోయ బయట ఉంది.

గోడ మీద నిచ్చెన

1980ల నుంచి రిషివ్యాలీవాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న బడులు పెట్టారు. ఒకే గది, ఒకరో ఇద్దరో టీచర్లు, అన్ని తరగతుల పిల్లలూ కలిసే. మన ఏకోపాధ్యాయ బడుల కష్టం అందరికీ తెలిసిందే... ఒక తరగతికి పాఠం చెబుతుంటే మిగతా వాళ్లు అల్లరి. పద్మనాభరావు, రమ దంపతులు ఈ చిక్కుకు పరిష్కారం వెతికారు. పాఠ్యపుస్తకాన్ని ముక్కలు చేసి వందల కార్డులుగా మార్చారు. గోడ మీద ఒక నిచ్చెన బొమ్మ. దాని మెట్ల మీద రకరకాల గుర్తులు. తాను ఏ మెట్టు మీద ఉన్నానో పిల్లే చూసుకుంటుంది. ఆ గుర్తున్న కార్డు తనే తీసుకుంటుంది. టీచర్ సాయం కావాల్సిన గుంపులో కూర్చోవాలా, తోటి పిల్లలతో నేర్చుకోవాలా, ఒంటరిగా చేసుకోవాలా అన్నది ఆ గుర్తే చెబుతుంది.

ఇందులో గొప్ప సౌకర్యం ఒకటుంది. వేరుశనక్కాయలు పీకే రోజుల్లో బడి మానేసినా, జ్వరమొచ్చి వారం పడుకున్నా 'పాఠం దాటిపోయింది' అనే బాధ లేదు. ఎక్కడ ఆగిందో అక్కణ్నుంచే ఎక్కవచ్చు. జ్వరాలతో బడికి దూరమై దెబ్బలు తిన్న మదనపల్లె పిల్లవాడికి ఇలాంటి నిచ్చెన దొరికి ఉంటే!

ఈ పద్ధతి లోయ దాటింది. 1995లో మైసూరు జిల్లా హెచ్.డి.కోట టీచర్లు ఇక్కడికొచ్చి చూసి వెళ్లాక కర్ణాటకలో 'నలి కలి' పుట్టింది. 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడులు, ఆ తర్వాత తమిళనాడు ప్రాథమిక బడులు దీన్ని తమకు తగ్గట్టు మార్చుకున్నాయి.

అప్పుడప్పుడు ఈ బడుల్లో 'మెట్రిక్ మేళా' పెడతారు. అమ్మలు, నాన్నలు, తాతలు వస్తారు. కొలిచేది, తూచేది, లెక్క చెప్పేది అంతా పిల్లలే. గొంతు పెగలని పిల్ల కూడా ఊరి పెద్దమనిషిని గోడకు ఆనించి నిలబెట్టి, ఎత్తు కొలిచి, కాగితం మీద రాసి చేతికిస్తుంది. ఆయన ఆ కాగితం జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుంటాడు. ఆ పిల్ల అప్పటికే వెనక నిలబడ్డవాళ్లను చూస్తూ "తర్వాత ఎవరు?" అంటుంటుంది.