నల్లమలలో ఒక వేసవి

నల్లమల అనగానే మనవాళ్ళకు రెండే జ్ఞాపకం వస్తాయి. ఒకటి మల్లన్న, రెండోది పెద్దపులి. ఉద్యోగరీత్యా ఆ అడవిలో ఒక వేసవి కాపురం చేసి వచ్చానని తెలియగానే చుట్టాలంతా అడిగిన మొదటి ప్రశ్న, "పులిని చూశావా?" అనే. చూడలేదు. జనవరి నుంచి జూన్ దాకా ఉండి పులి తోకైనా చూడలేదు. నేను చూసిందల్లా నిప్పునూ, నీళ్ళనూ, మనుషులనూ. ఆ సంగతే చెబుతాను.

శ్రీశైలం బస్సు కిటికీలోంచి చూస్తే నల్లమల అంతా ఒక్కలాగే కనిపిస్తుంది. బస్సు దిగి లోపలికి నడిస్తే గాని అది ఎంత అడవో తెలియదు. దీన్ని 1978లో అభయారణ్యం చేశారు. 1983లో పులుల సంరక్షణ పథకంలో చేర్చారు. 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు అవతలి భాగం తెలంగాణలో ఆమ్రాబాద్ అడవిగా వేరుపడింది. ఇవతల మిగిలినదే ఇప్పటికీ దేశంలోని పులుల అడవులన్నిటిలో పెద్దది.

మా మకాం ఆత్మకూరు వైపు నుంచి లోపలికి వెళ్ళే దారిలో ఒక బేస్ క్యాంపు. ఒక షెడ్డు, ఒక వైర్‌లెస్ సెట్టు, ఎండతో వెలిగే రెండు దీపాలు, నీళ్ళ డ్రమ్ములు. నాతో పాటు అయిదుగురు వాచర్లు. అయిదుగురూ చెంచులే. వాళ్ళలో అరవైకి దగ్గరపడినవాణ్ణి అంతా పెద్దాయన అనేవారు. నేనూ అలాగే పిలిచేవాణ్ణి.

తెల్లవారకముందే లేచి గంజి తాగి నడక మొదలుపెట్టేవాళ్ళం. నేను ముందు, వాళ్ళు వెనక. ఆఫీసరును గదా! నా చేతిలో ఫోను ఉండేది. మేము నడిచిన దారంతా అదే గీసుకునేది. వాగు ఇసుకలో పులి అడుగు కనిపిస్తే కొలిచి ఎక్కించేవాణ్ణి. దారికి అటొకటి, ఇటొకటి చొప్పున చెట్లకు కెమెరాలు కట్టేవాళ్ళం. మనుషుల వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒక్కలా ఉండవు. ఒకే పులికి కూడా కుడిపక్క చారలు వేరు, ఎడమపక్క వేరు. అందుకే రెండు కెమెరాలు.

మార్చి వచ్చేసరికి వాగులు చెలమలయ్యాయి. ట్యాంకరు వెళ్ళగలిగినచోట సాసర్ పిట్లలో నీళ్ళు నింపించాం. దుప్పులూ కణితులూ ఎలుగులూ, అన్నీ ఆ నీళ్ళకే వస్తాయి. మద్ది, ఇప్ప, మొర్రి, తునికి చెట్ల ఆకులు రాలి మోకాటి దాకా పోగుపడ్డాయి. నడుస్తుంటే అప్పడాలు విరిగినట్టు చప్పుడు. అడవిలో వేసవి పని అంటే అసలు అదే: ఆ ఆకులకు అగ్గి తగలకుండా చూసుకోవడం. ఎండలు ముదరకముందే ఆకులు ఊడ్చి బాటలు తీసి ఉంచుతారు. వాటిని ఫైరు లైన్లంటారు. మంట అక్కడికి వచ్చి తినడానికి ఏమీ దొరక్క ఆగిపోవాలి.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఉగాది వస్తుంది. కర్ణాటక నుంచి వేలమంది కాలినడకన వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా శ్రీశైలం చేరుతారు. వాళ్ళకు భ్రమరాంబ ఇంటి ఆడపడుచు. పండుగకు చీరా సారే మోసుకుని పిల్లను చూడవచ్చినట్టే వస్తారు. ఇక చెంచులకు మల్లన్న అల్లుడు. తమ పిల్లను పెళ్ళాడాడని వాళ్ళ కథ. అంచేత ఆ దారిలో నడిచే వాళ్ళంతా ఏదో వరసన ఒకరికొకరు చుట్టాలే.

ఆ సాయంత్రం నలుగురు ముసలివాళ్ళు దారి పక్కన కూలబడి ఉన్నారు. ఒకావిడ పాదాలు బొబ్బలెక్కి పగిలాయి. పొద్దుటినుంచి ఏమీ తినలేదట. సగం కన్నడంలో, సగం చేతులతో చెప్పింది. అక్కడే వాగులో మూడు రాళ్ళు పెట్టి ఒక కుండెడు గంజి కాచుకుంటామని బతిమాలింది. మజిలీల్లో తప్ప పొయ్యి పెట్టకూడదని నిబంధన. మజిలీ ఇంకా దూరం.

నేను పెద్దాయన వంక చూశాను. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"అల్లుడింటికొచ్చినోళ్ళు, కాదనకూడదు. మన గంజి తెచ్చిపోస్తా. పొయ్యి మాత్రం వద్దు సారూ. అగ్గికి చుట్టరికం తెలీదు."

క్యాంపుకు వెళ్ళి రావడానికి గంట పడుతుంది. అంతసేపెందుకని నేను సరేనన్నాను. గంజి కాచుకున్నారు, తాగారు, నన్ను దీవించారు. వాళ్ళు లేచాక పొయ్యిలో నేనే రెండు బిందెల నీళ్ళు పోశాను. మంచిపని చేశాననే సంతోషంతో ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు మధ్యాహ్నం పెద్దాయన ఉన్నట్టుండి లేచి నిలబడి గాలి వాసన చూశాడు. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలు అడవిలో నిప్పును కనిపెడితే మా ఫోన్లకు కబురు వస్తుంది. కాని మా క్యాంపులో సిగ్నలు ఉండదు. ఆయన ముక్కే మాకు ఉపగ్రహం. పరుగెత్తాం.

పొయ్యి పక్కన ఒడ్డున ఒక ఎండు మాను పడి ఉంది. నిప్పు దాని వేరులోకి దూరి, రాత్రంతా లోలోపల పాకి, గాలి లేచాక బయటపడింది. మేము వెళ్ళేసరికి గుట్ట ఒక పక్క అంటుకుంది. ఇద్దరు మంటకు ఎదురుగా బారెడు వెడల్పున ఆకు ఊడ్చి మట్టి తేల్చారు. మిగిలినవాళ్ళం పచ్చికొమ్మలతో కొట్టాం. కనుబొమ్మలు కాలాయి. గొంతు ఎండిపోయింది. అర్ధరాత్రి దాటాక గాలి పడిపోయింది, మంటా పడిపోయింది. గాలి ఇంకో గంట నిలిచి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికి భయం వేసింది.

తెల్లవారాక బూడిదలో తిరుగుతుంటే ఒక పొద మొదట్లో అడవికోడి గూడు కనిపించింది. నాలుగు గుడ్లు. నల్లగా మాడి, పగిలి ఉన్నాయి. పెద్దాయన వంగి చూశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

క్యాంపుకు వచ్చి రిజిస్టరు తెరిచాను. 'నిప్పుకు కారణం' అని ఒక గడి ఉంది. 'యాత్రికుల అజాగ్రత్త' అని రాస్తే సరిపోతుంది. అడిగేవాళ్ళు లేరు. ఆ ముసలమ్మ ఈపాటికి ఆడపడుచు గుళ్ళో చీర పెట్టి ఉంటుంది. కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. చివరికి, 'వాచరు వద్దని చెప్పినా, నిబంధనకు విరుద్ధంగా పొయ్యికి నేను అనుమతి ఇచ్చాను' అని రాసి సంతకం పెట్టాను.

"ఏం రాసినావు సారూ?" అన్నాడు పెద్దాయన. ఆయనకు చదువు రాదు. చదివి వినిపించాను. విని, కాసేపు గుట్ట వైపు చూసి, "గంజి చల్లారిపోతాంది, తాగు" అన్నాడు.

తర్వాత పైవాళ్ళు సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. జూన్‌లో రెండు వానలు పడేసరికి ఆ నల్లటి గుట్ట మీద గడ్డి మొలిచింది. దుప్పులు వచ్చి మేశాయి. అడవి నన్ను క్షమించిందని నేననుకోను. అడవి తన పని తాను చేసుకుపోయింది, అంతే.

నాలో వచ్చిన మార్పు మాత్రం ఒకటుంది. ఆ మర్నాటినుంచి నడకలో పెద్దాయన ముందు, నేను వెనక.