17 తులాల వెండి, ఒక మట్టికుండ

డిసెంబర్ 31 రాత్రి చర్చికి వెళ్లే అలవాటున్నవాళ్లకు వాగ్దాన కార్డు సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఆరాధన అయ్యాక ట్రేలోంచి తలా ఒకటి తీసుకుంటాం. ఆ ఏడాదికి దేవుడు మనకిచ్చిన మాట అదేనని ఫోన్ కవర్ వెనక దాచుకుంటాం, స్టేటస్ పెట్టుకుంటాం.

మూడేళ్ల కిందట నాన్నకు వచ్చింది యిర్మీయా 29:11. మీకు మేలే తలపెట్టాను, మీకు భవిష్యత్తు ఉంది అని దేవుడు చెప్పే వచనం. అప్పటికే నాన్నకు వారానికి రెండుసార్లు డయాలసిస్. అమ్మ ఆ కార్డును మందుల డబ్బా మీద అతికించింది. ఆగస్టులో నాన్న వెళ్లిపోయారు. కప్పు పడని నాలుగు గోడలు, ఇంటర్ చదివే తమ్ముడు, అమ్మ, నేను మిగిలాం.

మాటిచ్చిన దేవుడు మాట తప్పాడా? అదొక్కటే నా ప్రశ్న. పరామర్శకు వచ్చినవాళ్లు "అంతా దేవుని చిత్తం అమ్మా" అన్నారు. నాకు అది సరిపోలేదు. కార్డు మీద లేని భాగం బైబిల్ తీసి చదివాను.

11వ వచనానికి ముందు 10వ వచనం ఉంది. అందులో 70 ఏళ్లు అని ఉంది! క్రీ.పూ. 597లో బబులోనుకు చెరగా పోయినవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరం అది. 70 ఏళ్లంటే, ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది సొంత ఊరు మళ్లీ చూడరు. అయినా ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, పెళ్లిళ్లు చేసుకోండి అని రాశాడు.

32వ అధ్యాయంలో ఆయనే ఆ పని చేసి చూపించాడు. యెరూషలేం చుట్టూ బబులోను సైన్యం. తానేమో ఖైదులో ఉన్నాడు. అలాంటి టైంలో సొంతూరు అనాతోతులో పొలం కొన్నాడు. 17 తులాల వెండి తూచి ఇచ్చి, సాక్షుల ముందు సంతకం చేసి, ఆ పత్రాలు చాలాకాలం చెడిపోకుండా మట్టికుండలో పెట్టించాడు. శత్రువుల చేతికి పోతున్న భూమిని ఎవరైనా కొంటారా? ఈ దేశంలో మళ్లీ పొలాలు కొంటారన్న దేవుని మాట ఒక్కటే ఆయనకు భరోసా.

తర్వాత ఆయన్ను ఐగుప్తుకు తీసుకుపోయారు. ఆ పొలంలో ఆయన పంట కోసినట్టు బైబిల్లో ఎక్కడా లేదు. కానీ క్రీ.పూ. 538లో కోరెషు రాజు యూదుల్ని తిరిగి వెళ్లనిచ్చాడు. అలా వచ్చినవాళ్ల లెక్క ఎజ్రా గ్రంథం 2వ అధ్యాయంలో ఉంది. అనాతోతు వాళ్లు 128 మంది. ఆ అంకె దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

నాన్న ఎందుకు బతకలేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ లోటు ఏ వచనమూ పూడ్చదు. కానీ దేవుడు మాట నిలబెట్టుకునే కాలం నా ఒక్క జీవితం కంటే పొడవైనదని నమ్ముతున్నాను. నమ్మడమంటే ఆయనకు గడువు పెట్టి కూర్చోవడం కాదు, ఆ మాట మీద ఇవాళ్టి పని మొదలుపెట్టడం.

పోయిన నెల అమ్మ చీటీ పాడి సిమెంటు, ఇనుము తెప్పించింది. "ఇప్పుడెందుకమ్మా, తమ్ముడి చదువయ్యాక చూద్దాం" అన్నాను.

"మాటిచ్చినవాడు ఉన్నాడు కదే. మన పని మనం చేద్దాం" అంది.

ఈ శనివారం స్లాబు వేస్తున్నాం.