అట్ట మీద బొమ్మ ఎవరిది?

హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో రామానాయుడు స్టూడియో ఉంది. అదే నానక్‌రామ్‌గూడలో 2019లో తెరిచిన అమెజాన్ క్యాంపస్ కూడా ఉంది. తొమ్మిదిన్నర ఎకరాల స్థలం, పదిహేను వేల మంది పట్టే భవనం. తెలుగు పత్రిక ముఖచిత్రానికి ఈ రెండింటితోనూ సంబంధం ఉంది. స్టూడియోల్లో తీసిన హీరోయిన్ ఫొటోలు అట్టల మీదికి ఎక్కాయి. అమెజాన్ లాంటి ఆన్‌లైన్ దుకాణాలు వచ్చాక అట్ట ఫోను తెర మీద తపాలా బిళ్ళంత అయింది.

ఈ రెండూ లేని రోజుల్లో పత్రిక ఎంపిక బస్టాండులో జరిగేది. కొట్టు ముందు అడ్డంగా తాడు కట్టి, క్లిప్పులు పెట్టి వారపత్రికలు వేలాడదీసేవారు. కింద బల్ల మీద మాసపత్రికలు ఒకదాని మీద ఒకటి, పైభాగం మాత్రమే కనిపించేలా పేర్చేవారు. బస్సు కదిలేలోపు కొనేవాడికి కనిపించేది పేరు, దాని కింద ఒక ముఖం, అంతే. తెలుగు పత్రికలన్నీ పేరును నెత్తిన పెట్టుకోవడానికి ఆ తాడూ ఆ బల్లా కూడా ఒక కారణం.

పేరు రాయడం కూడా చిన్న పనేం కాదు. చందమామ, యువ, విపుల, చతుర అనే పేర్లకు కింద ఒత్తులు లేవు. అక్షరాలు ఒకే వరసలో కూర్చుంటాయి, బొమ్మకు అడ్డు రావు. స్వాతి, జ్యోతి అలా కాదు, ఒత్తు కిందికి దిగుతుంది. ఆంధ్రభూమిలో ‘ంధ్ర’ దగ్గర ఇంకా చోటు కావాలి. అట్ట వేసే చిత్రకారుడు బొమ్మలోని మనిషి తలను ఆ ఒత్తుకు తగలకుండా జరపాలి, లేదా ఒత్తును జుట్టులో కలిపేయాలి. ఇంగ్లీషు పత్రిక వాళ్ళకు ఈ లెక్క ఉండదు. మంచి తెలుగు అట్టను చూస్తే ఈ సర్దుబాటు ఎంత జాగ్రత్తగా చేశారో తెలుస్తుంది.

అట్ట గురించి మాట్లాడితే వడ్డాది పాపయ్య దగ్గర ఆగక తప్పదు. 1921లో శ్రీకాకుళంలో పుట్టి, 1992లో కన్నుమూసిన ఆయన మద్రాసు పత్రికలకు బొమ్మలు వేసినా ఎక్కువ కాలం కశింకోటలోనే గడిపారు. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో మొదలుపెట్టిన చందమామకు ఆయన వేసిన ముఖచిత్రాలు పిల్లలకు పురాణాలను పరిచయం చేశాయి. చక్రపాణే నడిపిన ‘యువ’కు ఆయన వేసినవి పెద్దవాళ్ళ బొమ్మలు. ఆ బొమ్మల్లోని స్త్రీని ఒకసారి దగ్గరగా చూడాలి. విశాలమైన కళ్ళు, సగం వాలిన రెప్పలు, జడలో మల్లెలు, ఒంటికి అంటిన పల్చటి చీర అంచులో మెరిసే జరీ గీత. నగల మీద పడిన వెలుతురు ఎటువైపు నుంచి వచ్చిందో చెప్పగలిగేంత శ్రద్ధ. ఒక మూల ‘వపా’ అన్న రెండక్షరాలు. యువ దీపావళి ప్రత్యేక సంచిక కోసం ఎదురుచూసినవాళ్ళలో కథల కోసం చూసినవాళ్ళెంతమందో, రంగుల బొమ్మల కోసం చూసినవాళ్ళూ అంతమంది ఉండేవారు. ఆ బొమ్మలు కత్తిరించి ఫ్రేము కట్టించుకున్న ఇళ్ళున్నాయి. పత్రిక అట్ట గోడకెక్కడం కంటే పాఠకుడిచ్చే పెద్ద తీర్పు ఏముంటుంది?

చందమామకు ఇంకో గట్టి బలం కూడా ఉంది. ఎం.టి.వి. ఆచార్య మహాభారతం అట్టలు, లోపల శంకర్ గీసిన విక్రమార్కుడు, బేతాళుడు. ఇన్ని చేతులు పనిచేసినా పత్రిక ముఖం మారలేదు. అమ్మ కొన్నదీ, కూతురు కొన్నదీ పక్కపక్కన పెడితే ఒకే ఇంటివని తెలుస్తుంది. పసుపు అంచు చూడగానే నేషనల్ జియోగ్రఫిక్ అని ప్రపంచమంతా గుర్తుపడుతుంది. పేరు చదవకముందే ఆనవాలు పట్టే ఆ అదృష్టం తెలుగులో చందమామకు దక్కింది.

బాపు పద్ధతి వేరు. ఆంధ్రపత్రికలో కార్టూనిస్టుగా మొదలైన ఆయన గీతకు రంగుల హంగు అవసరమే లేదు. నాలుగు గీతల్లో మనిషీ, మనిషి మనసూ వచ్చేసేవి. ఆయన చేతిరాత చివరికి అచ్చు అక్షరాల ఫాంటుగా మారి, పత్రికలు దాటి శుభలేఖల మీదికి కూడా వెళ్ళింది.

మరి ఈ బొమ్మలు అట్ట మీంచి ఎందుకు దిగిపోయాయి? ఆఫ్‌సెట్ అచ్చు రావడంతో రంగుల ఫొటో చవకయింది. సినిమా విడుదలకు ముందు స్టిల్స్‌ను పబ్లిసిటీ వాళ్ళే పత్రికలకు పంపుతారు, డబ్బులక్కర్లేదు. చిత్రకారుడికి పారితోషికం ఇవ్వాలి, బొమ్మ పూర్తయ్యేదాకా ఆగాలి. సంపాదకుడి ఇబ్బంది అర్థం చేసుకోదగ్గదే. కానీ దాని ఫలితం పత్రికలకే చేటు చేసింది. అదే వారం రెండు మూడు పత్రికల మీద అదే నాయిక, అదే నవ్వు, అదే చీర. పేరు మూసేస్తే ఏది ఏదో చెప్పలేని స్థితి. పోటీలో ఉన్న పత్రిక పోటీదారులాగే కనిపించడానికి డబ్బు మిగిల్చుకుంది!

పాఠకులు మాత్రం అట్ట చూసి మోసపోయే రకం కాదు. యద్దనపూడి ‘సెక్రటరీ’ జ్యోతి మాసపత్రికలో వస్తున్నప్పుడు, యండమూరి ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో వస్తున్నప్పుడు జనం కొన్నది సీరియల్‌ను. అట్ట తిప్పి నేరుగా ఆ పేజీకి వెళ్ళేవారు. వారం వారం సీరియల్ పేజీలు చింపి, దాచి, చివరికి బైండు చేయించుకునే అలవాటు ఎన్నో ఇళ్ళలో ఉండేది. ఆ బైండింగుల్లో కథ మిగిలింది, అట్టలు పోయాయి. పాత పత్రికలు సేకరించేవాళ్ళకు సీరియళ్ళు దొరికినంత సులువుగా ముఖచిత్రాలు దొరక్కపోవడానికి ఇదొక కారణం. మొదటి కొనుగోలు అట్ట చేయిస్తుంది, రెండోసారి కొనిపించేది లోపలి సరుకే. ఈ రెండింటినీ కలిపి ఆలోచించిన సంపాదకులే నిలబడ్డారు.

ఇప్పుడు తాడు లేదు, క్లిప్పు లేదు. విపుల, చతుర ఆగిపోయాయి. నానక్‌రామ్‌గూడ టవర్లలో పనిచేసే తెలుగు యువతకు పత్రిక పరిచయమయ్యేది ఫోనులో, గోరంత బొమ్మగా. ఆ సైజులో సినిమా ఫొటో మీద అరడజను శీర్షికలు రాస్తే ఒక్కటీ చదవబుద్ధి కాదు. ఒక్క ముఖం, రెండు మూడు గట్టి రంగులు, లావుపాటి పేరు ఉంటే బొమ్మ నిలుస్తుంది. విచిత్రమేమిటంటే, గీసిన బొమ్మ చిన్నదైనా చెడదు. ఫొటోలో ఉన్న వివరమంతా కుంచించుకుపోతే గీత మాత్రం నిలబడుతుంది. 1925లో మొదలైన న్యూయార్కర్ ఇన్నేళ్ళుగా దాదాపు ఎప్పుడూ గీసిన బొమ్మలనే అట్టగా నమ్ముకుంది. బాపు గీతను నాణెమంత చేసి చూసినా అది బాపుదేనని తెలిసిపోతుంది. ఈ కాలానికి కావలసిన అట్టను మన వాళ్ళు డెబ్బై ఏళ్ళ కిందటే వేసి చూపించారు.

హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో ఫైన్ ఆర్ట్స్ చదివిన పిల్లలున్నారు. వాళ్ళలో కొందరు వీడియో ఆటల కంపెనీలకూ యానిమేషన్ స్టూడియోలకూ పనిచేస్తున్నారు. ఆ స్టూడియోలు కొన్ని హైదరాబాదు గచ్చిబౌలి, మాదాపూర్ చుట్టుపక్కలే ఉన్నాయి. తెలుగు పత్రిక నడిపేవాళ్ళు ఏడాదికి కనీసం ఒక్క దీపావళి సంచిక అట్టనైనా వాళ్ళలో ఒకరి చేత వేయించాలి, తగిన పారితోషికం ఇవ్వాలి, ‘ముఖచిత్రం’ అని రాసి పక్కన పేరు వేయాలి. పాఠకులు కూడా ఒక పని చేయవచ్చు. నచ్చిన అట్ట కనిపించినప్పుడు ఆ బొమ్మ ఎవరు వేశారని సంపాదకుడికి ఉత్తరం రాసి అడగండి.