బామ్నిలో వాక కంచె

బల్లార్షా స్టేషనులో దిగి రాజురా దారి పట్టినవారికి బల్లార్‌పూరు దాటగానే తగిలే వూరు బామ్ని. ఇక్కడినుండి ఒక బాట వార్ధా నది దాటి రాజురాకు పోతుంది, మరొకటి గోండ్‌పిప్రి వైపు అడవులలోకి సాగుతుంది. గోండు రాజుల కోట చూడవలెనంటే బల్లార్‌పూరులోనే చూడవచ్చును. మరి బామ్నిలో చూడదగినదేమిటని చుట్టాలు అడిగితే, మా పెరటి కంచె చూపిస్తాను. అది వాక కంచె.

ఈ ప్రాంతానికి తెలుగు కొత్త కాదు. నది ఆవలి రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోని ఆదిలాబాదు జిల్లాకు చెందినదే. బొగ్గు గనులలో, 1945లో ఏర్పడిన కాగితపు మిల్లులో పనికై కరీంనగరం, ఆదిలాబాదు వైపులనుండి వచ్చినవారి మనుమలము మనలో ఎందరమో వున్నాము. ఆఫీసులో మరాఠీ, ఇంట తెలుగు. జీతపు పట్టీలు మరాఠీలో వ్రాసే నాకు కందిపప్పు మాత్రం తెలుగులోనే ఉడుకుతుంది. ఆ పప్పులో పులుపునకు చింతపండు లేని రోజున పెరటిలోని వాక్కాయే దిక్కు.

కోస్తాలో దీనిని వాక్కాయ అంటారు. దీని చెల్లెలివంటి అడవి మొక్కను కొన్ని చోట్ల కలివి అని, తెలంగాణములో కలె అని పిలుస్తారు. మరాఠీవారికి రెండూ కరవందమే. సహ్యాద్రి కొండలలో వేసవిన దొప్పలలో అమ్మే నల్లని కరవందాలకు ‘కొండ కాళీ మైనా’ అని ముద్దు పేరు. మన కడప జిల్లాలో ఒక పక్షికే ఈ పొద పేరు వచ్చింది. నశించినదని అందరూ అనుకొన్న కలివి కోడి 1986లో లంకమల అడవి పొదలలో మళ్లీ కనబడినది. ముళ్ల పొదలు నరికివేస్తే దానికి నిలువ నీడ వుండదు.

ఈ ముల్లుకు రాజకీయ చరిత్ర కూడా గలదు. ఉప్పు పన్ను ఎగవేయకుండా తెల్లదొరలు పంజాబు నుండి బురహాన్‌పూరు దాకా పెంచిన మహా కంచెలో తుమ్మ, రేగులతోపాటు వాక కూడా వుండేది. ఆ సుంకపు సరిహద్దును సుమారు 12 వేల మంది కాపలా కాసేవారు. 1879లో దానిని ఎత్తివేశారు. పేదవాని ఉప్పును అడ్డుకొన్న ముల్లే పేదవాని పెరటికి కాపలా కాస్తున్నది. ముల్లుకేమి తెలుసు, నాటినవాని బుద్ధినిబట్టి వుంటుంది!

ఇక పెంపకం సంగతి. బాగా నల్లబడిన పండ్లు యేరి, గుజ్జు పిసికి కడిగి, విత్తనాలను నీడన ఆరబెట్టి వెంటనే నాటవలెను. దాచిన విత్తనం మొలవదు. అందువలన తొలకరి తరువాతి నెలలే మంచివి. మొదటి యేడు మొక్క మెల్లగా పెరుగుతుంది, విసుగు చెందరాదు. మరుసటి వానకాలములో అడుగున్నర గుంట తీసి, పశువుల ఎరువు కలిపి, కంచెకైతే రెండు మూడు అడుగులకొకటి నాటాలి. మనది నల్లరేగడి. నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది కనుక చిన్న కట్ట పోసి దానిమీద నాటడం మేలు. రెండు వేసవులు నీరు పోస్తే చాలును. ఆ తరువాత చంద్రపూరు 45 డిగ్రీల ఎండను అదే ఓర్చుకొంటుంది, ఆకు రాల్చదు.

కత్తిరింపులో ఒక్క మెలకువ వున్నది. పూత కొమ్మల చివరలలో వస్తుంది. చలికాలములో అందంకోసం కొసలు కత్తిరిస్తే కాయ వుండదు. కాపు ముగిసిన తరువాతనే కత్తెర వేయవలెను. కొమ్మ తుంచితే పాలు కారుతాయి, చేతికి నూనె రాసుకొంటే జిగురు అంటదు. ఇది గన్నేరు కుటుంబపు మొక్క. గన్నేరు విషము కనుక పిల్లలకు రెంటికీ భేదం చూపించి చెప్పవలెను.

పచ్చి కాయను చీల్చి గింజ తీసి ఉప్పు నీటిలో వేస్తే జిగురు పోతుంది. పిదప పప్పు, పచ్చడి, పులిహోర ఏదైనా చేయవచ్చును. కాయ ముదిరి ఎరుపు తిరిగితే జెల్లీ గట్టిగా కుదురుతుంది. కేకులమీద కనబడే ఎర్రని ‘చెర్రీలు’ మన దేశములో చాలా చోట్ల పాకం పట్టి రంగు వేసిన వాక్కాయలే!

మా కంచె రెండు వరుసలు. వీధి వైపు ఒకటి, పొరుగింటికి మాకు మధ్య ఒకటి. రెండూ మా నాన్నగారు నాటినవే. ఈ యేడు మా అబ్బాయి గోడ కట్టిద్దామన్నాడు. వాడి మాటలో న్యాయం లేకపోలేదు. మోటారు సైకిలు తిప్పుకొనడానికి చోటు లేదు, ముల్లు గుచ్చుకొని టైర్లు పోతున్నవి. అయితే గోడ రెండు వైపులా అన్నాడు. ఆ మాట పొరుగింటి మరాఠీ ఆజీ చెవిన పడింది. ఆమెకు ఎనభై దాటినవి. కంచె ఆవల ఆమె లోణచేకు కోసుకొంటే, ఈవల మా ఆవిడ పప్పుకు కోస్తుంది.

“గోడ కట్టుకో బాబా, నీ ఇల్లు,” అన్నది ఆజీ. “కాని కోత రోజున నేనెవరితో మాట్లాడాలి?”

అబ్బాయి ఏమీ అనలేదు. సాయంత్రం తనే కొలతలు మార్చి గీసి తెచ్చాడు. వీధి వైపు గోడ, మధ్యన కంచె. దసరా తరువాత వీధి వరుస పోతుంది. పద్దెనిమిది పొదలు. నాకు బాధగానే వున్నది, కాని ఇంటిలో వుండబోయేది వాడు.

పోయే వరుసనుండి ఈ వానలలో పండ్లు యేరి, సంచులలో మట్టి నింపి, మా అమ్మాయి చేత విత్తించాను. అది బడిలో నేర్చిన ‘కరవంద్’ అన్న పేరు ఒక అట్టముక్కమీద వ్రాసింది. దాని క్రింద ‘వాక’ అని తెలుగులో వ్రాయించాను. వ దీర్ఘం దగ్గర తడబడింది గాని వ్రాసింది. నలభై మొలకలు వచ్చినవి. వాటిలో పది ఆజీ పెరటికి పోతాయి.

మిగిలినవి వచ్చే వానకాలానికి నాటే యీడుకు వస్తాయి. మన కుటుంబాలలో గజం నేల వున్నవారెవరైనా సరే, ఒక్క మొక్క పెంచి చూడవలసినదని నా మనవి. చోటు లేనివారు పెద్ద తొట్టిలోనైనా పెంచవచ్చును. మూడవ యేటినుండి కాపు చూడవచ్చును, అంతవరకు ఓపిక కావలెను.