గుండ్లకమ్మ మోసుకుపోయేది

మా మార్కాపురం వాళ్ళకు సముద్రమంటే ఏదో పరాయి దేశం సంగతి. "మనమెక్కడ, సముద్రమెక్కడండీ!" అంటుంది మా ఆవిడ. కాని నల్లమలలో పుట్టిన గుండ్లకమ్మ కంభం చెరువు నింపి, మా ఊరి పక్కగా సాగి, చివరికి బంగాళాఖాతంలోనే గదా కలిసేది! వేసవిలో ఎండిన ఏటిలో మనం పారేసిన ప్లాస్టిక్ సంచులు వానాకాలపు వరదతో అటే ప్రయాణం కడతాయి. తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే సముద్రపు తాబేలుకు, నీళ్ళలో తేలే సంచి జెల్లీచేపలాగే కనిపిస్తుంది. మింగిందా, పేగుల్లో అడ్డుపడి ప్రాణం మీదికి వస్తుంది. 2022 జూలై 1 నుంచి, ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్నిటిని దేశమంతటా నిషేధించారు. చట్టం సరే, బజారుకు గుడ్డసంచి పట్టుకు వెళ్ళవలసింది మాత్రం మనమే. ఏరు మనదైనప్పుడు, అది మోసుకుపోయే పాపమూ మనదే.