దుమ్ముగూడెం దారిలో బుర్రకథ

భద్రాచలం అనగానే మనకు సీతారాముల కల్యాణమూ, రామదాసూ జ్ఞాపకం వస్తారు. అక్కడినుంచి గోదావరి వెంట ఎగువకు సుమారు పాతిక కిలోమీటర్లు పోతే దుమ్ముగూడెం. పర్ణశాలకు పోయే యాత్రికులు ఆ దారినే పోతారు గాని, ఆగేవారు తక్కువ. మేము ఆగడానికే పోయాము.

మేమంటే ఖమ్మం నుంచి బయలుదేరిన పదకొండుగురం. క్రైస్తవ యువజనుల బుర్రకథ జట్టు అది. కథకుడు, ఇద్దరు వంతలు, కోలాటం వేసే పిల్లలు. వారికి పెద్దదిక్కుగా నేను. సంక్రాంతి వెళ్ళిన వారం. కొత్తగూడెం, పాల్వంచ దాటి, సారపాక దగ్గర గోదావరి వంతెన ఎక్కాము. ఆ వంతెన 1965లో వచ్చింది. అంతకు ముందు ఆవలి ఒడ్డు చేరాలంటే పడవే గతి.

దుమ్ముగూడెం కథ కూడా పడవలతోనే మొదలయింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయిన తరువాత, గోదావరిని ఎగువదాకా పడవల దారి చేయాలని కాటన్ దొర సంకల్పించాడు. అందుకే యిక్కడ ఆనకట్టా, లాకులూ వెలిశాయి. ఆ పనులు చూసిన ఇంజనీరు హేగ్ దొర చుట్టూ వున్న కోయలను చూసి, మిషనరీలను పిలిపించాడు. పడవల పథకం 1870ల తొలినాళ్ళలోనే మూలబడింది. మిషను మాత్రం నిలిచింది. జాన్ కెయిన్ అనే పాదిరీ యిక్కడే వుండి, కోయల ఆచారాలను గురించి 1876 మొదలు ‘ఇండియన్ ఆంటిక్వరీ’లో వ్యాసాలు వ్రాశాడు. హేగ్ దొర లూకా సువార్తను కోయభాషలోకి తెచ్చాడు. తప్పిపోయిన కుమారుని కథ వున్నది ఆ సువార్తలోనే. మా జట్టు చెప్పబోయేదీ ఆ కథే.

సాయంకాలానికి అడవిలో ఒక గూడెం చేరాము. చింతచెట్టు కింద నెగడు వేశారు. తంబురా మోగింది, డక్కీలు పలికాయి, వంతలు ‘తందాన తాన’ అందుకొన్నారు. ఖమ్మంలో జనాన్ని పొట్ట చెక్కలు చేసిన హాస్యం యిక్కడ నీళ్ళలో పడ్డ రాయి అయింది. పిల్లలకు బడి తెలుగు తెలుసు. ముసలివారికి మా వేగం అందలేదు. అప్పుడు అక్కడి పాస్టరుగారు లేచారు. ఆయన కోయవారే. ఒక్కొక్క ఘట్టం కాగానే కోయలో చెప్పసాగారు. కొడుకు పందుల మేతకు ఆశపడిన చోట ఒక అవ్వ కొంగుతో కళ్ళు ఒత్తుకొన్నది.

కొడుకు ఇల్లు చేరాడు. తండ్రి విందు చేశాడు. మావాళ్ళు మంగళం పాడబోతుండగా ఒక పెద్దాయన అడ్డు వచ్చాడు.

“పోయిన బిడ్డ తిరిగొస్తే డోలు కొట్టరా, బాబూ?”

జట్టు గుసగుసలాడింది. ఆ డోలు జాతరల్లో మోగేది; సువార్త కథలో దానికి చోటేమిటని ఒకరు, జనం అడుగుతుంటే కాదనడమేమిటని ఒకరు. పాస్టరుగారు నవ్వి అన్నారు: “పెద్దకొడుకు పొలం నుంచి వస్తూ ఏమి విన్నాడమ్మా? వాయిద్యాలూ, నాట్యమూ అని లూకాలో లేదూ?”

ఇక మాటకు తావు లేకపోయింది. దోర్నకల్‌లో మన దేశపు మొదటి ఆంగ్లికన్ భారతీయ బిషప్పు అజరయ్యగారు, 1912లో బిషప్పయినవారు, కోలాటాన్నీ తెలుగు పాటనూ ఆరాధనలోకి ఆహ్వానించారు. ఆ కోలాటం నేర్చిన పిల్లలే డోలుకు జంకడం నాకు చిత్రమనిపించింది.

పెద్ద డోలు రెండు వచ్చాయి. ఆడవాళ్ళు చేయీ చేయీ కలిపి రేలపాట ఎత్తుకొన్నారు. మా పిల్లలు మొదట చూస్తూ నిలబడి, తరువాత వరుసలో కలిశారు. అడుగు తప్పినవారిని చూసి గూడెం అంతా నవ్వింది. మా హాస్యానికి రాని నవ్వు అదే!

మరునాడు తరువాతి గూడెంలో దిగీ దిగగానే మా కథకుడు, డోలు ఎవరింట వున్నదని వాకబు చేశాడు.